నల్లా పనికి ఎంతవుతుంది? బాన్సువాడ ఇళ్ల యజమానులకు ఒక లెక్క

ఇల్లు కడుతున్నవాళ్లను అడిగితే సిమెంటు బస్తా ధర చెబుతారు, స్టీలు టన్ను ధర చెబుతారు, ఇసుక ట్రాక్టరు ఎంతకు దిగిందో చెబుతారు. నీళ్ల పైపుల పనికి ఎంతవుతుందంటే మాత్రం జవాబు తడబడుతుంది. "మిస్త్రీ చూసుకుంటున్నాడు" అంటారు, లేదా "పనయ్యాక లెక్క చూద్దామన్నాడు" అంటారు. ఇల్లు పూర్తయి గృహప్రవేశం దగ్గరపడ్డాక షాపు చీటీలు, కూలి బాకీ కలిసి ఒకేసారి మీదపడతాయి. అప్పటికి పైపులన్నీ గోడల్లోకి వెళ్లిపోయి ఉంటాయి. ఏది ఎంత పట్టిందో చూసుకునే వీలుండదు.

కామారెడ్డి జిల్లా బాన్సువాడలో ఈ ప్రశ్న ఇప్పుడు ఇంటింటికీ వచ్చింది. మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు పొలాలకు తొంభై ఏళ్ల కిందటే నీళ్లిచ్చింది. ఇంట్లోకి పైపులో నీళ్లు రావడం అంత పాత ముచ్చట కాదు. చేదబావి, చేతిపంపు, వీధి నల్లా, పెరట్లో బోరు దాటుకుంటూ ఇళ్లు ఇక్కడిదాకా వచ్చాయి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ తాగునీటి పథకం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. 2018లో బాన్సువాడ గ్రామపంచాయతీ నుంచి మున్సిపాలిటీగా మారింది. పడకగదికి ఆనుకుని స్నానాలగది, మిద్దె మీద ట్యాంకీ, గోడకు గీజర్ మామూలైపోయాయి. పైపుల పని పెరిగినంతగా దాని ధర గురించిన తెలివిడి మాత్రం పెరగలేదు.

ఈ వ్యాసంలో వచ్చే ధరలు తెలంగాణ చిన్న పట్టణాల మార్కెట్లో నడిచే స్థూలమైన అంకెలు. బ్రాండును బట్టి, దూరాన్ని బట్టి, పెళ్లిళ్ల సీజనులో పనివాళ్లు దొరికే తీరును బట్టి అవి కొంత అటూ ఇటూ అవుతాయి. అయితే ఏ పనిలో ఏ ఖర్చు ఎందుకు వస్తుందో తెలిస్తే, ఎదురుగా ఉన్న అంకె న్యాయమైనదో కాదో ఎవరైనా తేల్చుకోవచ్చు.

బిల్లులో నాలుగు పద్దులు

ప్లంబింగ్ బిల్లు ఎంత చిన్నదైనా అందులో నాలుగు పద్దులుంటాయి: సామాను, కూలి, పగలగొట్టి మళ్లీ పూడ్చే పని, పనివాడి రాకపోకలూ లాభమూ. ప్రభుత్వ పనుల్లో వీటిని విడివిడిగా రాస్తారు. కేంద్ర ప్రజా పనుల విభాగం తన రేట్ల పుస్తకానికి వేసే విశ్లేషణలో పైపు, ఫిట్టింగులు, ప్లంబర్ పనిరోజులు, సహాయకుడి పనిరోజులు లెక్కగట్టి, వాటిపై కాంట్రాక్టరు లాభానికీ నిర్వహణకూ కలిపి 15 శాతం వేస్తుంది. తెలంగాణలోనూ ఇంజనీరింగ్ శాఖలకు ప్రామాణిక రేట్ల పట్టిక ఉంది. సర్కారు బడిలో నల్లా బిగించాలంటే ఎంత ఇవ్వాలో ఇంజనీరు దగ్గర కాగితం ఉంటుంది. పక్కింట్లో అదే నల్లా బిగించాలంటే ఇంటాయన మిస్త్రీ నోటిమాట మీద ఆధారపడాలి.

నాలుగు పద్దులు కలిపి ఒకే అంకె చెప్పినప్పుడే చిక్కు వస్తుంది. "బాత్రూముకు ఇరవై ఐదు వేలు" అన్న మాటలో కమోడ్ ఉందా, నల్లాలు ఏ రకం, గోడ కోసిన చోట ప్లాస్టరింగ్ ఎవరిది, మిగిలిన పైపు ఎవరికి చెందుతుంది అన్నవేవీ తేలవు. తగాదా వచ్చినప్పుడు ఇద్దరూ తమ దృష్టిలో నిజమే చెబుతారు. ఇంటాయన కమోడ్ కూడా అందులోనే ఉందనుకుంటాడు, ప్లంబర్ అది విడిగా అనుకుంటాడు.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్లాస్టిక్ పైపులు, ఫిట్టింగుల మీద జీఎస్టీ 18 శాతం. షాపు చెప్పే ధరలో అది కలిసి ఉందో లేదో ముందే అడగాలి. ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు టర్నోవర్ ఉన్న ప్లంబర్ జీఎస్టీ నమోదు చేసుకోనక్కర్లేదు. కాబట్టి ఊళ్లో ఒంటరిగా పనిచేసుకునే మిస్త్రీ కూలి మీద పన్ను ఉండదు. సామాను మీద మాత్రం పన్నుతో కూడిన పక్కా బిల్లు తీసుకోవాలి. మోటారో, గీజరో, ఖరీదైన మిక్సరో చెడిపోతే వారంటీ అడగడానికి పనికొచ్చేది ఆ బిల్లే.

కూలి: రోజు లెక్కా, పని లెక్కా, గుత్తా

చిన్న పట్టణాల్లో పని తెలిసిన ప్లంబర్ రోజు కూలి సుమారు 800 నుంచి 1,200 రూపాయల దాకా, సహాయకుడిది 500 నుంచి 700 దాకా నడుస్తోంది. హైదరాబాద్‌లో ఇంకాస్త ఎక్కువ. గంటలో అయిపోయే చిన్న మరమ్మతుకు వచ్చి వెళ్లినందుకు 200 నుంచి 500 అడుగుతారు. గంట పనికి ఐదు వందలా అని కొందరికి అనిపిస్తుంది. ఆ గంట వెనక బండి పెట్రోలు, పనిముట్లు, షాపుకు తిరిగిన సమయం, పని దొరకని రోజులు కూడా ఉన్నాయి. రోజు కూలిని గంటలతో భాగించి చిన్న పనికి ధర కట్టడం న్యాయం కాదు.

పెద్ద పనిని మూడు రకాలుగా మాట్లాడుకుంటారు. రోజు లెక్కన ఇస్తే పని నిదానంగా, శ్రద్ధగా జరుగుతుంది కానీ ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. పాయింట్ల లెక్కన ఇస్తే ప్రతి నల్లాకూ, ప్రతి మురుగు నోటికీ ఒక రేటు ఉంటుంది, కొలవడం సులువు. గుత్తకు ఇస్తే మొత్తం ముందే తెలుస్తుంది కానీ తొందరగా ముగించాలన్న ఒత్తిడి పనివాడి మీద పడుతుంది. కొత్త స్నానాలగదికి నీళ్ల పైపులు, మురుగు పైపులు వేసి సామాను బిగించే వరకు కేవలం కూలి గుత్త 8,000 నుంచి 15,000 దాకా ఉంటుంది. గోడ లోపల పైపులు, గీజరు, డైవర్టరు, గోడకు వేలాడే కమోడ్ ఉంటే పై అంకె దగ్గరికి పోతుంది.

కొన్నిచోట్ల ఇంటి మొత్తానికి చదరపు అడుగు లెక్కన ప్లంబింగ్ రేటు కడతారు. అది ఇద్దరిలో ఒకరికి నష్టం తెచ్చే పద్ధతి. రెండు వేల అడుగుల ఇంట్లో రెండు స్నానాలగదులు ఉండొచ్చు, ఆరు వందల అడుగుల ఇంట్లోనూ రెండే ఉండొచ్చు. హాలు ఎంత పెద్దదైనా అందులో పైపు పని లేదు. స్నానాలగదులు, వంటగది, బట్టలుతికే చోటు లెక్కపెట్టుకుని ధర మాట్లాడుకోవడమే సరైనది.

ఈ పని చేసేవాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలిస్తే కూలి వెనక ఉన్న నైపుణ్యం విలువ అర్థమవుతుంది. దేశంలోని పెద్ద నగరాల ప్లంబింగ్ పనిలో ఒడిశాలోని కేంద్రపాడా జిల్లా మనుషులది పెద్ద చెయ్యి. బ్రిటిష్ కాలంలో కలకత్తాకు వెళ్లి ఈ పని నేర్చుకున్నవాళ్లతో మొదలైన వృత్తి అక్కడ తరాలుగా సాగుతోంది. ఆ జిల్లాలోని పట్టముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ప్రభుత్వ సంస్థ వెలిసింది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాకు ఇంకో దారి ఉంది. ఇక్కడి నుంచి దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు కూలికి పోయినవాళ్లలో దుబాయ్, దోహా భవనాల్లో పైపుల పని చేసినవాళ్లూ ఉన్నారు. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి తెలంగాణ ప్రభుత్వమే టామ్‌కామ్ అనే సంస్థను నడుపుతోంది. ఐటీఐల్లో ప్లంబర్ కోర్సు ఏడాది పాటు ఉంటుంది. మిగతావాళ్లంతా ఇంకో మిస్త్రీ దగ్గర చేతికింద పనిచేసి నేర్చుకున్నవాళ్లే.

నేర్చిన పనికి గుర్తింపు మాత్రం తక్కువ. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. తాపీమేస్త్రీ ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, తాళాలు చేసేవాడూ ఉన్నాడు. ప్లంబర్ లేడు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకునే అవకాశం మాత్రం ఉంది. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు అర్హులు. అమెరికాలో ప్లంబర్ల మధ్యస్థ వేతనం 2023లో ఏడాదికి 61,550 డాలర్లని అక్కడి కార్మిక గణాంక సంస్థ లెక్క చెప్పింది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చిన్న లీకుకు కూడా ప్లంబర్‌ను పిలవడానికి వెనకాడేది ఈ లెక్క చూసే. ఆ కూలి వెనక లైసెన్సు ఉంది, బీమా ఉంది, చేసిన పనికి పూచీ ఉంది. మన దగ్గర కూలి తక్కువ, పూచీ ఇంకా తక్కువ. కూలి తగ్గించమని బేరమాడేకన్నా పూచీ పెంచమని బేరమాడితే ఇంటికి మేలు.

చిన్న మరమ్మతులు

ఇంటికి ఎక్కువగా తగిలే ఖర్చు పెద్ద పని కాదు, నెలకోసారి వచ్చే చిన్న పనులే. నల్లా కారుతుంటే చాలాసార్లు లోపలి వాషరో, స్పిండిలో మారిస్తే చాలు. ఆ సామాను 20 నుంచి 150 రూపాయల్లో దొరుకుతుంది. నల్లా మొత్తం మార్చాలంటే ప్లాస్టిక్‌ది 100 నుంచి 250, ఇత్తడికి క్రోమ్ పూసినది 400 నుంచి 1,200 దాకా ఉంటుంది. కూలి కలిపి వెయ్యి, పదిహేను వందల లోపే తెగిపోవాలి. ఫ్లష్ ట్యాంకు లోపలి సెట్టు 400 నుంచి 1,000. మిద్దె మీద ట్యాంకీ నిండి పొర్లుతుంటే బాల్‌కాక్ మార్చాలి, దానికి 150 నుంచి 500. పాత గీజరు తీసి కొత్తది బిగించడానికి కూలి 300 నుంచి 600, కనెక్షన్ పైపులు విడిగా. మోరి మూసుకుపోతే మూత తీసి చేతి స్ప్రింగుతో సాఫు చేయడానికి 300 నుంచి 1,000.

కారే నల్లాను ఎన్నాళ్లయినా వదిలేసే ఇళ్లు చాలా ఉన్నాయి. సెకనుకు ఒక బొట్టు పడితే రోజుకు 86,400 బొట్లు. ఇరవై బొట్లు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు నాలుగు లీటర్ల పైమాట, నెలకు సుమారు 130 లీటర్లు. మున్సిపాలిటీ ఒక మనిషికి రోజంతటికీ ఇవ్వదలచుకున్న నీళ్లు 135 లీటర్లే. బోరు నీళ్లయితే ఆ నీటిని పైకి ఎక్కించిన కరెంటు కూడా పోతుంది. కమోడ్‌లోకి సన్నగా జారే నీరు ఇంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది, పైగా కంటికి కనబడదు. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలి, కమోడ్‌లో రంగు కనిపిస్తుందేమో చూస్తే లీకు బయటపడుతుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

దక్కన్ గ్రానైటు పొరల నుంచి వచ్చే బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. కఠినజలం గీజరులో సున్నం పేరుస్తుంది, షవరు రంధ్రాలు మూస్తుంది, నల్లాల లోపలి భాగాలను తొందరగా అరగదీస్తుంది. ఒకే ధర నల్లా ఒక ఇంట్లో పదేళ్లు, ఇంకో ఇంట్లో మూడేళ్లు ఆడటానికి సగం కారణం నీళ్లే. బోరు నీళ్ల ఇళ్లు గీజరు సర్వీసు ఖర్చును ఏటా లెక్కలో వేసుకోవాలి.

కొత్త ఇంటికి లెక్క ఎలా కట్టాలి

తెలంగాణ ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు బాన్సువాడ ప్రాంతంలో చాలామందికి తెలుసు. 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు టాయిలెట్లు. సొంత స్థలంలో అంతే ఇల్లు, మధ్యరకం సామానుతో ఒక కుటుంబం కట్టుకుంటుందనుకుందాం. బోరు, సెప్టిక్ ట్యాంకు పక్కన పెడితే ప్లంబింగ్ అంచనా ఇలా ఉంటుంది. వెయ్యి లీటర్ల ట్యాంకీ 7,000 నుంచి 9,000. నీళ్ల పైపులు, ఫిట్టింగులు 15,000 నుంచి 22,000. మురుగు పైపులు, ట్రాపులు, చాంబర్లు 10,000 నుంచి 15,000. ఒక ఇండియన్ టాయిలెట్, ఒక వెస్టర్న్ కమోడ్, వాష్‌బేసిన్, సింకు, పన్నెండు దాకా నల్లాలు కలిపి 20,000 నుంచి 30,000. కూలి 18,000 నుంచి 25,000. అన్నీ కలిపితే 70,000 నుంచి లక్షా వెయ్యి దాకా. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇంటికి ప్రభుత్వం ఇచ్చే సాయం మొత్తం 5 లక్షలు. అంత సాయంలో ఏడో వంతు నుంచి ఐదో వంతు దాకా ఈ ఒక్క పనికే కావాలి. ఇల్లు చిన్నదైనా స్నానాలగది ఖర్చు తగ్గదు కాబట్టి చిన్న ఇంటివాళ్లు ఈ లెక్క పునాది రోజునే వేసుకోవాలి.

సామాను కొనేటప్పుడు పైపు మీద ముద్రించిన అంకెలు చదవడం నేర్చుకోవాలి. చన్నీళ్లకు వాడే యూపీవీసీ పైపు మీద ఐఎస్ 4985, వేడినీళ్లకు వాడే సీపీవీసీ మీద ఐఎస్ 15778, మురుగు పైపు మీద ఐఎస్ 13592 ఉండాలి. మురుగు పైపుల్లో రెండు రకాలున్నాయి. ఏ రకం వాన నీళ్లకూ గాలి గొట్టాలకూ, బీ రకం మలమూత్రాలూ వాడిన నీళ్లూ పోయే లైన్లకు. ఏ రకం పలుచన, చవక. చీటీలో "నాలుగంగుళాల పైపు" అని మాత్రమే రాస్తే టాయిలెట్ లైనుకు అదే వచ్చి చేరే ప్రమాదం ఉంది. సీపీవీసీ పైపులో ఎస్‌డీఆర్ అంకె ఎంత తక్కువుంటే గోడ అంత మందం. ఎస్‌డీఆర్ 13.5 కన్నా ఎస్‌డీఆర్ 11 మందంగా, ఖరీదుగా ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది నిజమైనదో కాదో ఫోనులోనే తెలిసిపోతుంది. పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని అదుపు చేస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నియమాలు తెచ్చింది. తాగే నీళ్లు పారే పైపు కాబట్టి గుర్తింపు లేని చవక సరుకు జోలికి పోకూడదు.

పైపుల ధర ఏడాదంతా ఒక్కలా ఉండదు. పీవీసీ ముడిసరుకులో సగానికి పైగా దేశం దిగుమతి చేసుకుంటుంది. 2021లో ప్రపంచ మార్కెట్లో ధరలు ఎగబాకినప్పుడు ఇక్కడి షాపుల్లోనూ పైపుల ధరలు పెరిగాయి. మూడు నెలల కిందటి అంచనా చేతిలో పెట్టుకుని ఇవాళ్టి ధరతో మిస్త్రీని తప్పుపట్టే ముందు షాపు రేటు మారిందేమో చూడాలి.

ట్యాంకీ సైజులోనూ డబ్బు వృథా అవుతుంటుంది. మనిషికి 135 లీటర్ల లెక్కన ఐదుగురికి రోజుకు 675 లీటర్లు చాలు. నీళ్లు రోజూ వచ్చే ఇంటికి వెయ్యి లీటర్లు సరిపోతాయి. రెండు వేల లీటర్లది కొంటే ధర రెట్టింపు కావడమే కాదు, నిండినప్పుడు రెండు టన్నుల బరువు మిద్దె మీద పడుతుంది. ఆ డబ్బులో కొంత ట్యాంకీని ఎత్తున పెట్టడానికి వాడితే ఫలితం కనిపిస్తుంది. నీటి మట్టం పది మీటర్లు ఎత్తున ఉంటే నల్లా దగ్గర ఒత్తిడి సుమారు ఒక బార్. ఒకే అంతస్తు ఇంట్లో ట్యాంకీకీ షవరుకూ మధ్య రెండు మూడు మీటర్లే ఉంటుంది, అంటే పావు బార్ అటూ ఇటూ. షోరూంలో మెరిసే మిక్సర్లు, వాన షవర్లు చాలావాటికి అర బార్ నుంచి ఒక బార్ దాకా కావాలి. ఆ సంగతి అడగకుండా కొన్నవాళ్లు తర్వాత ప్రెషర్ పంపు కొనాల్సి వస్తుంది. డబ్బా మీద కనీస ఒత్తిడి ఎంతో రాసి ఉంటుంది. కొనేముందు చూడాల్సింది ఆ అంకెనే. నీళ్లు సరిగా రావట్లేదని మున్సిపల్ లైనుకే నేరుగా మోటారు బిగించడం తప్పు. అది పక్కింటి నీళ్లు లాక్కోవడమే. సంపులోకి నింపుకుని అక్కడి నుంచి ఎక్కించుకోవాలి.

గోడలో దాగే ఖర్చు

ప్లంబింగ్‌లో అసలైన నష్టం ఇక్కడే ఉంది. గోడ లోపల ఒక ఎల్బో దగ్గర సొల్యూషన్ సరిగా అంటలేదనుకుందాం. ఎల్బో ఖరీదు 30 రూపాయలు. దాన్ని మార్చాలంటే ప్లంబర్‌కూ సహాయకుడికీ అరరోజుకు 800, టైల్స్ తీసి మళ్లీ వేయడానికి మేస్త్రీకి 1,000, అతని సహాయకుడికి 600, కొత్త టైల్స్ 800, సిమెంటూ వాటర్‌ప్రూఫింగూ 500. మొత్తం 3,730 రూపాయలు. పాత టైల్ డిజైను మార్కెట్లో దొరక్కపోతే గోడ మొత్తం మార్చాలి, అప్పుడు లెక్క పదివేలు దాటుతుంది. ఈలోపు అవతలి గదిలో పెయింటు ఊడి, చెక్క అల్మారా ఉబ్బి, కరెంటు బోర్డులోకి తేమ దిగుతుంది.

దీన్ని ఆపే మార్గం గోడ మూయకముందే ఉంది. పైపులన్నీ వేసి, నల్లాల నోళ్లు బిరడాలతో బిగించి, నీళ్లు నింపి, చేతి పంపుతో ఒత్తిడి పెంచి, గేజ్ ముల్లు గంటలపాటు కదలకుండా ఉందో లేదో చూడాలి. మురుగు పైపులకైతే కింది నోరు మూసి నీళ్లు నింపి మట్టం తగ్గుతుందేమో గమనించాలి. చేతి పంపు, గేజ్ పనిముట్లు పెద్ద ఖరీదైనవి కావు. ఊళ్లో ఒక్కరి దగ్గర ఉన్నా అద్దెకు తెచ్చుకోవచ్చు. పెద్ద కంపెనీల భవనాల్లో, గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చినవాళ్లకు ఈ పరీక్ష కొత్త కాదు. అడిగితే చేస్తారు. అడిగే ఇంటివాళ్లే తక్కువ. సీపీవీసీ జాయింటుకు సొల్యూషన్ ఆరే సమయం ఇవ్వకుండా నీళ్లు వదలడం, మంట మీద పైపు వేడిచేసి వంచడం, సన్న నట్టును బలంగా బిగించి పగలగొట్టడం వంటి తప్పులు చాలావరకు ఈ పరీక్షలో బయటపడతాయి.

పరీక్ష అయ్యాక, ప్లాస్టరింగ్‌కు ముందు, ప్రతి గోడకూ టేపు పెట్టి ఫోటో తీసుకోవాలి. నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో ఏ పైపు ఉందో ఆ ఫోటోలో కనిపించాలి. ఐదేళ్ల తర్వాత అద్దం బిగించడానికి గోడకు డ్రిల్లు పెట్టినప్పుడు ఆ ఫోటోనే పైపును కాపాడుతుంది. ప్రతి స్నానాలగదికీ విడిగా గేట్‌వాల్ పెట్టించాలి. ఒక గదిలో లీకు వస్తే ఇంటి మొత్తానికీ నీళ్లు ఆపనక్కర్లేదు.

మురుగు లైను వాలు విషయంలోనూ ఇంతే. నాలుగంగుళాల పైపుకు సుమారు 40 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. అంతకు తగ్గితే మలం ఆగిపోతుంది. ఎక్కువైతే నీళ్లు ముందు పారిపోయి గట్టి పదార్థం వెనక మిగులుతుంది. టైల్స్ వేశాక ఈ వాలు సరిచేయడం దాదాపు కొత్త పనే. నేల మట్టం తీసే రోజున ఇంటివాళ్లు దగ్గరుండి కొలిపించుకోవాలి.

సెప్టిక్ ట్యాంకు: డబ్బుకు మించిన లెక్క

భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాల్లో సెప్టిక్ ట్యాంకు ఖర్చు ప్రతి ఇంటికీ ఉంటుంది. రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. చిన్న పట్టణాల్లో ట్యాంకరు ఒక్కసారికి సుమారు 1,500 నుంచి 3,000 తీసుకుంటుంది. ట్యాంకు మూత కనిపించేలా, బండి పైపు అందేలా కట్టుకుంటే ఆ ఖర్చు అంతకు మించదు. పార్కింగు టైల్స్ కింద మూత దాచేసినవాళ్లు ప్రతిసారీ పగలగొట్టే ఖర్చు కూడా పెట్టుకోవాలి.

డబ్బు మిగులుతుందని మనిషిని లోపలికి దించడం నేరం. 2013లో వచ్చిన చట్టం సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ సామగ్రి లేకుండా మనుషుల చేత శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. మొదటిసారి దొరికితేనే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలాంటి పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. లోపల పేరుకున్న విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన ఘటనలు తెలుగు రాష్ట్రాల్లో పదేపదే జరిగాయి. ఈ పనికి యంత్రం తప్ప వేరే దారి లేదు.

ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ కూడదు

తర్వాత సులువుగా మార్చుకోగలిగిన వాటి మీద డబ్బు మిగుల్చుకోవచ్చు. బయటి నల్లా, షవరు తల, వాష్‌బేసిన్, అద్దం వంటివి మొదట మామూలువి పెట్టుకుని చేతిలో డబ్బు ఆడినప్పుడు మంచివి మార్చుకోవచ్చు. గోడలో, నేలలో పూడ్చే పైపులు, ఫిట్టింగులు, ట్రాపులు, గోడ లోపలి డైవర్టరు మాత్రం మొదటిరోజే మంచివి కొనాలి. ఈ తేడా ఒక ఇంటికి కొన్ని వేల రూపాయలు మాత్రమే. నేల మీద నిలబడే మామూలు వెస్టర్న్ కమోడ్ 3,000 నుంచి 10,000లో దొరుకుతుంది. గోడకు వేలాడే కమోడ్, గోడలో దాచే ఫ్లష్ ట్యాంకుతో కలిపి 15,000 నుంచి 30,000 అవుతుంది. అది చెడినప్పుడు విడిభాగాలు, తెలిసిన పనివాడు రెండూ దొరకాలి. హైదరాబాద్‌లో రెండో రోజుకు దొరికే భాగం బాన్సువాడకు వారం పట్టొచ్చు. నిజామాబాద్ దాకా వెళ్లి సామాను కొంటే రేటు కాస్త తగ్గొచ్చు, రవాణా ఖర్చూ మిగిలినవి తిరిగి ఇచ్చే వెసులుబాటూ లెక్కలోకి తీసుకుంటే ఊళ్లో తెలిసిన షాపే లాభమయ్యే సందర్భాలూ ఉన్నాయి.

డబ్బు ఇచ్చే తీరులోనూ జాగ్రత్త కావాలి. సామాను ఇంటివాళ్లే కొంటే మిస్త్రీకి పెద్ద అడ్వాన్సు అక్కర్లేదు. పైపులు వేశాక కొంత, ఒత్తిడి పరీక్ష నెగ్గాక కొంత, నల్లాలన్నీ బిగించి నీళ్లు వదిలాక చివరిది ఇవ్వాలి. ఈ మూడు మెట్లూ ఒక తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెడితే చాలు. పని పూర్తయిన రోజే బాకీ తీర్చడం కూడా ఆ ఒప్పందంలో భాగమే. నెలల తరబడి కూలి ఆపే ఇంటికి లీకు వచ్చినప్పుడు ఎవరూ పరుగెత్తి రారు.

ఇంత చేసినా మోసం జరిగితే దారులున్నాయి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫిర్యాదు తీసుకుంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు విలువ గల కేసుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. బిల్లు, ఒప్పంద కాగితం, ఫోటోలు చేతిలో ఉండాలి.

మున్సిపాలిటీ చేయగలిగిన పని కూడా ఒకటుంది. ఇంజనీరింగ్ విభాగం దగ్గర ప్రభుత్వ రేట్ల పట్టిక ఎటూ ఉంటుంది. అందులో ఇళ్లకు అవసరమైన ఇరవై ముప్పై పనుల రేట్లను తెలుగులో ఒక్క పేజీగా రాసి కార్యాలయం గోడకు అంటించాలి. ఇంటి అనుమతి పత్రంతో పాటు ఒక ప్రతి ఇవ్వాలి. ఒత్తిడి పరీక్ష పంపు ఒకటి కొని నామమాత్రపు అద్దెకు పెట్టాలి. పని తెలిసిన ప్లంబర్ల పేర్లు వాళ్ల అంగీకారంతో నమోదు చేసి, వాళ్లకు కార్మిక బోర్డు కార్డులు ఇప్పించాలి. బాన్సువాడ మున్సిపాలిటీ ఈ పని మొదలుపెట్టాలి. ఇల్లు కట్టబోతున్న ప్రతి కుటుంబమూ కార్యాలయానికి వెళ్లి ఆ కాగితం అడగాలి.